అరకు అరబికా కాఫీ పొడి: సరిహద్దు కొండల పంటకు ఒక సమీక్ష

అరకు పేరుతో అంగళ్లలో దొరికే కాఫీ పొడులలో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలపని అరబికా రకాన్ని విడిగా పరిశీలించవలసి ఉంటుంది. చికోరీ కలిసిన పొడికి అలవాటు పడినవారికి దీని డికాక్షన్ మొదట పలుచగా అనిపిస్తుంది. అది లోపం కాదు. చికోరీ ఇచ్చే నలుపూ చిక్కదనమూ ఇందులో లేవు, పైగా రోబస్టా అనే మరో కాఫీ రకంతో పోలిస్తే అరబికా గింజలో కెఫీన్ దాదాపు సగమే ఉంటుంది.

ఈ రుచికి మూలం పంట పండే నేలలో ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా ఒక్క ఆంధ్రప్రదేశ్‌దే కాదు. తూర్పు కనుమలలో సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉన్న ఒడిశా వైపు కొండలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. రెండు రాష్ట్రాలకు కొంతమేర హద్దుగా పారి, దిగువన సీలేరుగా పేరు మార్చుకునే మాచ్‌ఖండ్ నదికి ఇరువైపులా గిరిజన రైతుల సేద్యం ఒకే తీరున సాగుతుంది: పల్లపు భూములలో గెడ్డల (కొండవాగుల) నీటితో వరి, మెట్టవాలులో రాగులు, సామలు, వలిసెలు, పసుపు, ఇంకా పైన నీడ చెట్ల కింద కాఫీ. సిల్వర్ ఓక్ మానులకు మిరియాల తీగలు పాకించడం వల్ల కాఫీ ధర పడిపోయిన ఏడాది కూడా రైతు చేతికి కొంత డబ్బు అందుతుంది. అయితే నీడ కోసం ఎక్కడ చూసినా ఈ ఒక్క చెట్టునే నాటుతూ పోవడం అడవి వైవిధ్యానికి మంచిది కాదని నా అభిప్రాయం.

చల్లని ఎత్తులో, చెట్ల నీడన పండు నిదానంగా ముదురుతుంది కనుక గింజలో తీపి, సున్నితమైన పులుపు నిలుస్తాయి. పాలు లేకుండా తాగినప్పుడు ఆ పులుపు స్పష్టంగా తెలిసింది. పాలు ఎక్కువైతే మాత్రం పూర్తిగా మరుగున పడింది. అందుచేత పాలు తగ్గించి, పొడి కొంచెం ఎక్కువ వేసుకోవడం మేలు.

పొట్లం మీద ముద్రించిన సమాచారం నిరాశపరిచింది. నవంబరు నుంచి జనవరి వరకు కోసే ఈ పంటలో ఏ సంవత్సరపు గింజలు వాడారో, ఎప్పుడు వేయించారో, ఏ మండలం నుంచి సేకరించారో ఎక్కడా లేదు. లోయ బొమ్మ మాత్రం పెద్దదిగా వేశారు. వేయించిన తేదీ తెలియని పొడిలో పరిమళం ఎంత మిగిలిందో కొనేవారు ఊహించుకోవలసిందే. అదే రకం గింజల రూపంలో, తేదీతో సహా దొరికితే దానినే ఎంచుకుని, కావలసినంత అప్పటికప్పుడు పొడి చేసుకోవచ్చు. అది కుదరనివారు పెద్ద పొట్లం జోలికి పోకుండా, రెండు వారాలలో అయిపోయేంత పొడి మాత్రమే కొనడం మంచిది.