కృష్ణ ఒడ్డున మూడు ఉదయాలు: బీచుపల్లి, జూరాల, సోమశిల

మహబూబ్‌నగర్‌లో ఉంటున్నందువల్ల కృష్ణానదికి ఎన్నోసార్లు వెళ్ళాను గాని, ప్రతిసారీ స్నానానికో దర్శనానికో చేపలకో వెళ్ళానే తప్ప ఒడ్డున ఎగిరే పిట్టల వైపు పరీక్షగా చూసింది లేదు. కొంగ, గద్ద, లకుముకి, నీటికాకి: నా పరిజ్ఞానం అంతటితో సరి. ఈసారి ఫిబ్రవరి రెండో వారంలో, చలికాలపు వలస పక్షులు ఇంకా తిరుగు ప్రయాణం కట్టని రోజుల్లో, మా బావమరిదితో కలిసి మూడు రేవుల్లో మూడు ఉదయాలు కేవలం పక్షుల కోసమే నడిచాను. పక్షిని గుర్తుపట్టడం నేర్చుకోవాలనుకునేవారికి ఈ మూడింటిలో ఏది అనువైనదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బయలుదేరే ముందు మేము ఒక నియమం పెట్టుకున్నాం. పక్షి కనబడగానే పేరు కోసం ఫోను తీయకూడదు. ముందు అది పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, గద్దంతా అని పరిమాణం రాసుకోవాలి, తరువాత ముక్కు, కాళ్ళు, తోక, చివరికి అది ఏం చేస్తున్నదో రాసుకోవాలి. రంగును అన్నిటికంటే వెనుక రాయాలన్నది మా బావమరిది పట్టు. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుందని మొదటి గంటలోనే తెలిసివచ్చింది కనుక అతని మాట కాదనలేకపోయాను.

బీచుపల్లి హైదరాబాద్–కర్నూలు జాతీయ రహదారి మీదే ఉంది కాబట్టి చేరుకోవడం మూడింటిలోకీ సులువు. ఆంజనేయస్వామి గుడికి వచ్చే జనానికి అలవాటుపడి ఇక్కడి పక్షులు మనిషిని చూసి అంతగా బెదరవు. వంతెన కింద దూసుకుపోతున్న చిన్న పిట్టల తల మీద ఇటుకరంగు టోపీ, తోక నుంచి రెండు సన్నని తీగలు కనిపించాయి. అవి తీగతోక స్వాలోలు, వంతెనల కిందనే మట్టిగూళ్ళు కట్టుకునే జాతి. మెట్ల మీద తోక ఆడిస్తూ తిరుగుతున్న కాటుకపిట్టను చూసి ఇద్దరం వాదులాడుకున్నాం. నల్లని తల, కంటి పైన స్పష్టమైన తెల్లని కనుబొమ గీత ఉంటే అది ఏడాది పొడవునా ఇక్కడే ఉండే జాతి. ముఖమంతా తెల్లగా ఉంటే చలికాలపు అతిథి. మాకు కనిపించింది మొదటిది. అయితే లారీల హోరులో పక్షి కూత ఒక్కటీ చెవిన పడదు. గంట చాలు, అంతకు మించి ఇక్కడ ఉండనవసరం లేదు.

ఆ రాత్రి గద్వాలలో ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కాని తెల్లవారుజామున ఐదుకు గేటు తీస్తామని రాత్రి మాట ఇచ్చిన మనిషి ఆరున్నర దాకా లేవలేదు. పక్షులు చురుకుగా తిరిగే గంట కాస్తా తాళం వెనుకే గడిచిపోయింది. గద్వాలలో బస చేసేవారు గేటు తాళం సంగతి ముందే తేల్చుకోవడం మంచిది.

ఆలస్యంగా చేరినా జూరాల మమ్మల్ని నిరాశపరచలేదు. ఆనకట్ట గేట్లు మూసి ఉన్న కాలంలో దిగువన బండలు తేలి, వాటి నడుమ మడుగులు, ఇసుక తిన్నెలు ఏర్పడతాయి. పక్షులకు ఇవన్నీ ఒక్కచోటే దొరకడం వల్ల మాకు వేట సులువైంది. మడుగు మీద ఒకేచోట రెక్కలాడిస్తూ గాలిలో నిలబడి, నిట్టనిలువుగా నీళ్ళలో పడిన నలుపు తెలుపుల లకుముకిని పది నిమిషాలు చూశాం. రొమ్ము మీద నల్లపట్టీలు రెండుంటే మగది, ఒకటే ఉండి అదీ మధ్యలో తెగి ఉంటే ఆడది.

రెండు రకాల టెర్న్ పక్షులు కలిసి ఎగురుతుంటే మొదట అన్నీ ఒకటే అనుకున్నాను. కాస్త నిదానించి చూస్తే ఒకదాని ముక్కు పసుపుపచ్చన, నడినెత్తి నల్లన, తోక లోతుగా చీలి ఉంది: అది రివర్ టెర్న్. రెండోదాని ముక్కు ముదురు రంగు, తోక చీలిక నామమాత్రం, ఆకారమూ చిన్నదే: అది చలికాలానికి వచ్చే విస్కర్డ్ టెర్న్. రివర్ టెర్న్ ప్రపంచవ్యాప్తంగా ముప్పు పొంచివున్న పక్షుల జాబితాలో ఉంది. అక్కడ వల సర్దుకుంటున్న ఒక జాలరి మా బైనాక్యులర్ చూసి దగ్గరికొచ్చాడు. "అవి ఇసుకల్నే గుడ్లు పెడ్తయి సారూ, ఎండకాలం ఆ తిన్నెల మీదికి పోకుండ్రి, కాలు కింద పడ్తయి, కానరావు" అన్నాడు. గుడ్ల రంగు ఇసుకలో కలిసిపోతుందనీ, అవి గూడంటూ అల్లవనీ చెప్పడానికి ఇంతకంటే మంచి వివరణ మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నా పెద్ద పొరపాటు కూడా జూరాలలోనే జరిగింది. నీటి మీద పురుగులను పట్టుకుంటూ తిరుగుతున్న బూడిదరంగు గుంపును నోట్‌బుక్‌లో "స్వాలోలు" అని రాసేశాను. అవి బండ మీద వాలి, వాలగానే పొట్టికాళ్ళతో చకచకా పరుగెత్తాయి. స్వాలో నేల మీద అలా పరుగెత్తలేదు. రెక్క విప్పినప్పుడు తెల్లని పట్టీ, కొసన నలుపు చూశాక అవి చిన్న ప్రాటింకోల్‌లని తేలింది. కదలకుండా కూర్చుంటే పక్కనున్న గులకరాయికీ వాటికీ తేడా తెలియదు. ఖాళీగా ఉందనుకున్న బండ మీద లెక్కపెడితే పదకొండు ఉన్నాయి.

అదే బండల వరుసలో, కాకి కంటే బాగా పెద్దది, ఎండుగడ్డి రంగు పక్షి ఒకటి నిలబడి మమ్మల్నే చూస్తూ ఉంది. పెద్ద పసుపుపచ్చని కన్ను. కొద్దిగా పైకి వంపు తిరిగిన మొద్దు ముక్కు, మొదట్లో పసుపు, కొసన నలుపు. ముఖం మీద నలుపు తెలుపు గీతలు. చేలల్లో తిరిగే దీని చిన్న బంధువుకు ఒళ్ళంతా చారలుంటాయి, ముక్కు చిన్నది. దీనికి వీపు మీద చారలు లేవు. గ్రేట్ థిక్‌నీ అనే ఈ పక్షిని చూడటానికే మరోసారి జూరాల వెళ్ళినా నష్టం లేదు. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి: విద్యుత్ కేంద్రం నుంచి నీరు వదిలితే మడుగులు త్వరగా పెరుగుతాయి, మొసళ్ళూ ఉన్నాయి, కాబట్టి స్థానికులను అడగకుండా బండల మీదికి దిగరాదు. ఆనకట్ట దగ్గరి పాకల్లో అప్పటికప్పుడు వేయించి ఇచ్చే చేపలకు జొన్నరొట్టె తోడైతే మధ్యాహ్నం భోజనానికి వెతుక్కోవలసిన పని లేదు.

కొల్లాపూర్ దాటి సోమశిల చేరేసరికి దారిపొడవునా మోదుగులు పూసి ఉన్నాయి. బస విషయంలో మూడింటిలో ఇదే మేలు. పర్యాటక శాఖ కాటేజీ వరండాలోంచే నీళ్ళు కనిపిస్తాయి, గేటు తాళం బాధ లేదు. పక్షుల విషయంలో మాత్రం తొలిసారి వచ్చేవారికి కష్టం. శ్రీశైలం జలాశయపు వెనుక నీరు విశాలంగా పరుచుకొని ఉండటంతో పక్షులన్నీ చాలా దూరంగా ఉంటాయి, ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలదు. పడవ మాట్లాడుకున్నా ఇంజన్ మోతకు దగ్గరికి వెళ్ళేలోపే ఎగిరిపోతాయి. సిగ్నల్ కూడా సరిగా అందదు. పక్షులను గుర్తుపట్టడానికి సాయపడే మెర్లిన్ యాప్‌లో మన ప్రాంతపు పక్షుల సమాచారాన్ని ఇంటి దగ్గరే దించుకొని ఉండటం వల్ల అది మాకు పనికివచ్చింది.

చివరి ఉదయం ఎండుమాను మీద గద్దంత పక్షి ఒకటి కూర్చొని ఉంది. గరుడపక్షి పిల్ల గోధుమరంగులో ఉంటుందని చదివిన ధీమాతో నేను అదే అన్నాను. "పొట్ట చూడు బావా, సున్నం కొట్టినట్టుంది, కంటి మీదుగా నల్లపట్టీ ఉంది" అని మా బావమరిది ఒప్పుకోలేదు. నలభై నిమిషాలు కాచుకొని కూర్చున్నాం. గరుడపక్షి నీటి పైపైన తేలే చేపనో చచ్చినదాన్నో కాళ్ళతో అందుకుపోతుంది. ఇది చాలా ఎత్తు నుంచి కాళ్ళు ముందుకు చాపి దబ్బున నీళ్ళలో పడి, సగం మునిగి, ఒళ్ళు దులుపుకొని లేచింది. చేపను తల ముందుకు ఉండేలా గోళ్ళలో తిప్పి పట్టుకొని అదే ఎండుమానుకు తిరిగివచ్చింది. ఆస్ప్రే. నోట్‌బుక్‌లో నా గీతను కొట్టివేసి అతనే పేరు రాశాడు.