ఆరో తరగతి పాపకి కాంటాక్ట్ లెన్స్ ఇచ్చాం, రెండేళ్ళు వాడాక చెప్తున్నా

మా పాపకి ఆరో తరగతిలో డైలీ డిస్పోజబుల్ లెన్సులు (ఏ రోజువి ఆ రోజు పారేసేవి) మొదలుపెట్టాం, ఇప్పుడు ఎనిమిది అయిపోవస్తోంది. పాప విషయంలో ఇది మంచి నిర్ణయం, మళ్ళీ అయినా ఇదే చేస్తాం. కానీ అదే ఇంట్లో తనకంటే మూడేళ్ళు పెద్దవాడైన మా బాబుకి మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఇద్దరికీ సైట్ ఉంది, ఇద్దరూ అడిగారు. "ఏ వయసుకి ఇవ్వొచ్చండీ" అని విజయవాడలో తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, వాళ్ళందరికీ నేను చెప్పేది వయసు గురించి కాదు, అందుకే వివరంగా రాస్తున్నా.

పాప కూచిపూడి నేర్చుకుంటది. పవర్ మైనస్ మూడున్నర, అంటే కళ్ళజోడు తీస్తే అడుగు దూరం దాటాక అన్నీ మసకే, హాల్లో అవతల నిలబడ్డ టీచర్ గారి చెయ్యి ఏం పడుతోందో కనపడదు. జోడు పెట్టుకుంటే చెమటకి ముక్కు మీంచి జారిపోద్ది, పైగా కడగంటి చూపు చూడాల్సినప్పుడు చూపు ఫ్రేమ్ బయటికి పోతది, అక్కడ మళ్ళీ మసక. చూపే సగం నాట్యం అయినచోట ఇది చిన్న ఇబ్బంది కాదు. తనే వచ్చి అడిగింది, "అమ్మా నాకు లెన్స్ కావాలి, నేనే పెట్టుకుంటా" అని. ఈ "నేనే" అన్న మాట ముఖ్యం. ఫోటోల్లో బాగుండాలని, పెళ్ళిలో జోడు లేకుండా కనపడాలని పెద్దవాళ్ళకి అనిపించి ఇప్పించిన లెన్సులు వాడకుండా డబ్బాల్లోనే పడుండటం నేను చుట్టాల్లో చూశా.

డాక్టర్ గారు కూడా నన్ను కాదు, పాపనే అడిగారు, లెన్స్ నీకు కావాలా అమ్మకి కావాలా అని. తర్వాత నల్లగుడ్డు వంపు కొలిచారు, పైరెప్ప తిరగేసి అలర్జీ ఉందేమో చూశారు. వయసు సంగతి అడిగితే ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా నేర్చుకుంటారండీ అన్నారు. 2007లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీ గురించి కూడా చెప్పారు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల్ని, పదమూడు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నవాళ్ళకి మొత్తం మీద ఒక పావుగంట ఎక్కువ పట్టిందంట, అది కూడా ఎక్కువగా పెట్టడం తీయడం నేర్పడానికే. అంటే చేతులకి పని వస్తది. అసలు చూడాల్సింది వేరే.

లెన్స్ కొనేముందు మాకు ఒక పరీక్ష పెట్టారు, అది నాకు బాగా నచ్చింది. కన్ను తడిగా ఉంచే మామూలు చుక్కల మందు ఇచ్చి కొన్నాళ్ళు రోజూ పాపే వేసుకోవాలి, మీరు గుర్తు చెయ్యొద్దు అన్నారు. కంటి దగ్గరికి వస్తువు వస్తే బెదరకుండా ఉంటదా, చెప్పకుండా చేతులు కడుగుద్దా, నిద్రొస్తున్నా వేసుకుని పడుకుంటదా, అన్నీ అందులోనే తెలిసిపోతాయి. పాప వేసుకుంది. మా బాబు నేను అరిస్తే వేసుకున్నాడు, అరవకపోతే లేదు, పైగా వాడికి దుమ్ము అలర్జీ, పొద్దున లేస్తే కళ్ళు నలుపుకోవడమే పని. అలర్జీ తగ్గి, నలిపే అలవాటు పోయేదాకా వద్దన్నారు.

పెట్టడం, తీయడం క్లినిక్‌లోనే నేర్పుతారు, పాప తనంతట తాను పెట్టి తీసి చూపించేదాకా డబ్బా ఇంటికివ్వరు, ఇస్తామన్నా మీరు తీసుకోవద్దు. మాది అక్యువ్యూ వన్ డే, దాని మీద 1-2-3 అని సన్నటి అంకెలు ఉంటాయి, వేలి మీద పెట్టి చూసినప్పుడు అవి సరిగ్గా కనపడితే లెన్స్ సరైన వైపు ఉన్నట్టు, లేదంటే తిరగబడినట్టు. చిన్నపిల్లలకి ఇది చాలా ఉపయోగం. మొదట్లో పొద్దున హడావుడిలో కుదరక ఏడుపు మొహం పెట్టేది, కాబట్టి స్కూల్ రోజుల్లో కాకుండా సెలవుల్లో మొదలుపెట్టండి. మా అత్తగారి భయం ఏంటంటే లెన్స్ కంటి వెనక్కి పోతదేమోనని. పోదు, తెల్లగుడ్డు మీది పల్చటి పొరే మడత పడి రెప్పల లోపల అతుక్కుని ఉంటది, వెనక్కి దారే లేదు. డాక్టర్ గారు బొమ్మ గీసి చూపించాక ఆవిడ కుదుటపడ్డారు.

ఇంక డబ్బులు. రెండు కళ్ళకి రెండు డబ్బాలు, నెలకి రెండు వేలు దాటుద్ది. నెలవారీ లెన్సులు చవక, కానీ వాటికి రోజూ సొల్యూషన్‌తో రుద్ది కడగాలి, కేస్ కడగాలి, మూడు నెలలకోసారి కేస్ మార్చాలి, ఇన్ని పనుల్లో పిల్లలు ఏది వదిలేస్తారో మనకి తెలియదు. డైలీ అయితే రాత్రి తీసి పారెయ్యడమే. ఇక్కడ ఒక సంగతి తల్లిదండ్రులందరికీ చెప్పాలి. లెన్స్ చిరిగినా, కింద పడినా, సింకులో పోయినా ఒక్క మాట కూడా అనకూడదు. "డబ్బులు పారేశావు" అని ఒక్కసారి అన్నామనుకోండి, రెండోసారి కింద పడిన దాన్నే నీళ్ళతో కడిగి పెట్టుకుంటది, మనకి చెప్పదు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకు నీళ్ళు దేంట్లో అయినా అకాంతమీబా అనే క్రిమి ఉండొచ్చు, అది నల్లగుడ్డుకి పడితే చూపుకే ప్రమాదం, నయం కావడానికి నెలలు పడతది. అందుకే పిల్ల రెడీయా అని అడిగేవాళ్ళని నేను తిరిగి అడిగేది ఒకటే, కన్ను మండితే మీ పిల్ల మీకు చెప్తదా దాస్తదా, దాస్తే ఎందుకు దాస్తది అని. చెప్పే పిల్ల అయితే పదేళ్ళకైనా ఇవ్వొచ్చు.

మన ఇళ్ళల్లో ఇంకో చిక్కు చేత్తో తినడం. ఆవకాయ అన్నం కలిపిన వేళ్ళు సబ్బుతో కడిగినా కారం పూర్తిగా పోదు, ఆ వేలు కంట్లో పెడితే ఇంక అంతే. కాబట్టి మా ఇంట్లో రూల్ ఏంటంటే ముందు లెన్స్ తీయాలి, తర్వాతే రాత్రి భోజనం. తలకి నూనె రాసుకున్న చేతులకీ ఇదే లెక్క. ప్రోగ్రాం ఉన్న రోజు ముందు లెన్స్, తర్వాత కాటుక, మేకప్పు, తీసేటప్పుడు కూడా ముందు లెన్సే తీసి తర్వాత మేకప్పు కడగాలి. స్నానానికి, స్విమ్మింగ్‌కి, కృష్ణలో మునగడానికి లెన్స్ ఉండకూడదు. నిద్ర అసలే కూడదు, బస్సులో కునుకు కూడా. జోడు ఎప్పుడూ బ్యాగులో ఉండాల్సిందే, ఆదివారాలు జోడే.

పవర్ సంగతి. మామూలు లెన్సులు పెట్టుకుంటే సైట్ తగ్గదు, అలాగని వాటివల్ల పెరగదు కూడా. పిల్లలు ఎదిగేకొద్దీ పెరిగేది పెరుగుతూనే ఉంటది, పాపకి ఇప్పుడు జోడులో మైనస్ 4.50. లెన్స్‌లో మాత్రం 4.25, ఎందుకంటే జోడు కంటికి కొంచెం దూరంగా ఉంటది, లెన్స్ కంటి మీదే కూర్చుంటది, నాలుగు దాటాక ఆ తేడా లెక్కలోకి వస్తది. జోడు నంబరు చూసి ఆన్‌లైన్‌లో లెన్స్ ఆర్డర్ పెట్టేవాళ్ళు దయచేసి అలా చెయ్యకండి. సైట్ పెరగడాన్ని నెమ్మది చేసే లెన్సులు వేరే ఉన్నాయి, మైసైట్ అనే దానికి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య మొదలుపెట్టే పిల్లల కోసం అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, ఖరీదు ఎక్కువ. సైట్ త్వరగా పెరిగిపోతున్న చిన్నపిల్లలైతే ముందు దాని గురించి, అదే పనికి వాడే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి డాక్టర్‌ని అడగండి, నాట్యమూ ఆటలూ తర్వాత చూసుకోవచ్చు.

ఇన్నాళ్ళలో ఒక్కసారి మాత్రం ఇబ్బంది వచ్చింది. పోయిన ఏడాది స్కూల్లో మధ్యాహ్నం కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే తనే వాష్‌రూమ్‌కెళ్ళి చేతులు కడుక్కుని రెండూ తీసేసి జోడు పెట్టుకుని, టీచర్‌తో చెప్పి నాకు ఫోన్ చేయించింది. మెడికల్ షాపులో చుక్కలు కొనకుండా నేరుగా డాక్టర్ దగ్గరికెళ్ళాం, షాపులో ఇచ్చే వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదిరిపోద్ది. కంటి మీద చిన్న గీత పడిందని, కొన్నాళ్ళు లెన్స్ ఆపి మందు వెయ్యమన్నారు, తగ్గిపోయింది. ఆ రోజు పాప చేసిన పని చూశాక మా ఆయనకి ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది.

బాబుకి అలర్జీ మందు బాగానే పనిచేస్తోంది, కళ్ళు నలపడం తగ్గింది. పరీక్షలయ్యాక మళ్ళీ చుక్కల పరీక్ష పెడతాం, ఈసారి గుర్తు చెయ్యకుండా వేసుకుంటే వాడికీ ఇప్పిస్తాం.