బ్యాంకు వేలంలో రెండు ఆస్తులు కొన్నా: ఏడేళ్ల తర్వాత నా మాట

మా వైపు వేలంపాట కొత్తేమీ కాదు. పంచాయతీ చెరువు పాట, గుడి కొబ్బరికాయల పాట చూస్తూనే పెరిగాం, ఎదుటివాడి మొహం చూస్తే ఇంకా పెంచుతాడో ఆగిపోతాడో తెలిసిపోయేది. బాకీ కట్టనివాళ్ల తాకట్టు ఆస్తుల్ని బ్యాంకు ఆన్‌లైన్‌లో అమ్మే ఈ-వేలంలో మొహాలుండవు. తెర మీద అంకె మారుతుంది, అంతే.

2018లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు వేలానికి పెట్టిన డాబా ఇల్లు భీమవరంలో కొన్నా, 2023లో పాలకొల్లులో 200 గజాల స్థలం. మధ్యలో మూడు పాటల్లో ఓడిపోయా. బంధువులూ స్నేహితులూ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒక్కసారి రాసి పెట్టేస్తున్నా.

ఇంటి రిజర్వ్ ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 38 లక్షలు, అదే వీధిలో బయట 50 దగ్గర పలుకుతోంది. 3.80 లక్షలు ఈఎండీ, అంటే పాటలో దిగడానికి ముందే కట్టే ధరావతు, కట్టి కూర్చున్నా. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పెంచితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగిస్తుంది, అలా గంటసేపు సాగి 39.50 దగ్గర నాకు ఖాయమైంది. ఆ సంతోషం రాత్రి వరకే. ఈఎండీతో కలిపి పాట ధరలో పాతిక శాతం మర్నాటి పనిదినం లోపు కట్టాలి, అంటే ఇంకో 6 లక్షల పైచిలుకు, మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు ఒప్పుకుంటే రాతపూర్వకంగా మూడు నెలల దాకా గడువు ఇవ్వొచ్చు గానీ అది వాళ్ల ఇష్టం, కట్టలేకపోతే కట్టిందంతా పోయినట్టే. లోను ఇస్తామన్న వాళ్లు పదో రోజున కాగితాలు చాలవన్నారు. మా ఆవిడ నగలు తాకట్టుకి పోయాయి, బయట 20 లక్షలు రూపాయిన్నర వడ్డీకి తెచ్చా.

అసలు కథ ఇక్కడి నుంచి. ప్రకటనలో చిన్న అక్షరాల్లో 'సింబాలిక్ పొసెషన్' అని ఉంది. స్వాధీనం అంటే స్వాధీనమే కదా అనుకున్నా. కాదు. గోడకి నోటీసు అంటించి పేపర్లో వేయించడమే అది, లోపల మనుషులు అలాగే ఉంటారు, వంట అవుతూనే ఉంటుంది. వాళ్లని ఖాళీ చేయించాలంటే బ్యాంకు సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే చట్టం) సెక్షన్ 14 కింద కలెక్టరుకి దరఖాస్తు పెట్టాలి. ఉత్తర్వు ఇవ్వడానికి చట్టం 30 రోజులంటుంది, మహా అయితే 60. ఆ ఉత్తర్వు రాకముందే పాత యజమాని సెక్షన్ 17 కింద బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లి స్టే తెచ్చుకున్నాడు, వాయిదాలు నడుస్తుండగా కరోనా వచ్చింది. తాళాలు నా చేతికొచ్చింది 2021 మార్చిలో. రెండున్నరేళ్లు! వడ్డీకే 9 లక్షలు, వకీలుకీ మరమ్మతులకీ ఇంకో రెండున్నర. మొత్తం 51 అయింది. బయట 50కి కొనుక్కుని ఉంటే నిద్రయినా పట్టేది. 2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రమై ఇళ్ల రేట్లు పెరిగాయి కాబట్టి ఇప్పుడు లాభంలోనే ఉన్నా, అది నా తెలివి మాత్రం కాదు.

పాత యజమాని చెడ్డవాడేం కాదు. ఇల్లు తాకట్టు పెట్టి వనామీ రొయ్యలు వేశాడు, తెల్లమచ్చ తెగులు తగిలి వరసగా రెండు పంటలు పోయాయి. ఖాళీ చేసిన రోజు ఆయన లారీ దగ్గరే నిలబడిపోయాడు, ఇటు తిరగలేదు. వాళ్లావిడ మాత్రం తాళాలిస్తూ, "పైన ట్యాంకు అడుగున కారుద్ది బాబూ, వానల్లోపు చూపించుకోండి" అంది. నేను తలూపా. ఏం మాట్లాడతాం?

సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు ఉండదు, 2023లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అందుకని పాత యజమానులు పోట్లాడేది ఎక్కువగా నోటీసుల్లో తప్పుల మీద. అప్పుదారుకి 30 రోజుల నోటీసు సరిగ్గా వెళ్లిందా, ట్రిబ్యునల్‌లో కేసు ఏమైనా ఉందా అని పాటకి ముందే అడగండి. బ్యాంకువాళ్లు విసుక్కున్నా సరే.

రెండోసారి 'ఫిజికల్ పొసెషన్' అని, అంటే ఆస్తి నిజంగా బ్యాంకు చేతిలో ఉందని, రాసి ఉన్నదే చూసుకున్నా. 30 ఏళ్లకి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) తీయించా, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ జాబితాలో లేదని చూసుకున్నా, సర్వేయరుని తీసుకెళ్లి కొలిపించా. డబ్బు మొత్తం కట్టిన ఇరవై రోజుల్లో సేల్ సర్టిఫికెట్ (అమ్మినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం), స్థలం రెండూ చేతికొచ్చాయి. రిజిస్ట్రేషన్‌కి బయట కొన్నట్టే 7.5 శాతం అయింది, అందులో తగ్గింపేం ఉండదు. ఇంత చూసుకున్నవాణ్ణి ఒక్కటి మర్చిపోయా. స్థలం చూసింది ఏప్రిల్ నెలాఖరులో, కాలువలు కట్టేసి ఊరంతా ఎండిపోయి ఉన్నప్పుడు. కాలువలు వదిలి రెండు వానలు పడేసరికి మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలియదా అని మా నాన్న ఇప్పటికీ దెప్పుతుంటాడు. మెరక తోలించడానికి లక్షా ఎనభై వేలు. ఇదిగాక ఖాళీ స్థలం పన్ను పాత బకాయి బయటపడింది, ప్రకటనలో తెలిసిన బకాయిలు లేవనే రాసి ఉంది. 'ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అని అమ్ముతారు కాబట్టి అదీ మనమే కట్టుకోవాలి.

చేపల, రొయ్యల చెరువులు చవగ్గా వస్తాయటగా అని అడిగేవాళ్లకి ఒక్క మాట. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. చెరువు వేలానికి వచ్చిందంటే అది వ్యవసాయ భూమి అవునా కాదా అన్న తగాదా కూడా దాంతోపాటే కొనుక్కుంటున్నట్టు. నేనైతే అటు చూడను.

వెతకడం మాత్రం ఇప్పుడు చాలా సుఖం. 2018లో ఒక్కో బ్యాంకు ప్రకటన ఒక్కోచోట పట్టుకోవాల్సి వచ్చేది, 2025 జనవరి నుంచి ప్రభుత్వ రంగ బ్యాంకులవి బ్యాంక్‌నెట్ అనే వెబ్‌సైట్‌లో ఒకేచోట దొరుకుతున్నాయి. ఫొటో చూసి మాత్రం డబ్బు కట్టకండి, వెళ్లండి, ఎదురింటి వాళ్లతో మాట్లాడండి, కుదిరితే వానాకాలంలో వెళ్లండి.

మొన్న తణుకులో ఒక ఇల్లు కనిపించింది. ధర చూస్తే ఆశ పుట్టింది, సింబాలిక్ అని ఉన్నా సరే ఓసారి చూసొద్దామని ఆదివారం బండేసుకుని వెళ్లా. గేటు ముందు కొబ్బరాకుల పందిరి వేసి ఉంది, లోపల ఎవరో పిల్లకి పసుపు రాస్తున్నారు. బండి ఆపకుండా వచ్చేశా. ఈఎండీ కట్టలేదు.