నికాన్ డీ780: ఫ్లాష్ పోయింది సరే, లైవ్ వ్యూ సంగతి చూశారా

ఇది 2020 జనవరి మాట. ధనుర్మాసం కాబట్టి మా పర్లాకిమిడిలో స్టూడియోలన్నీ ఖాళీ, పాత ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుంటూ కూర్చున్నాం, సరిగ్గా ఇప్పుడే నికాన్ వాళ్లు డీ780 అనే కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరా ప్రకటించారు. దీని ముందు మోడల్ డీ750 వచ్చింది 2014 సెప్టెంబరులో. అంటే ఐదేళ్లకు పైగా ఎదురుచూసిన కెమెరా బాడీ ఇది. ఇటు ఒడిశాలో కాశీనగర్, గుణుపురం ఫొటోగ్రాఫర్లు, అటు ఆంధ్రాలో పాతపట్నం, టెక్కలి వాళ్లు, అందరి నుంచీ ఇదే విషయం మీద ఫోన్లు.

టెక్కలి అన్నయితే హలో కూడా అనకుండా మొదలెట్టాడు: "పైనున్న ఫ్లాష్ పీకేశారట, గ్రిప్పు కూడా లేదట, ఏటిది తమ్ముడూ?"

చాలామంది కోపం ఈ రెండిటి మీదే. ఇంకా ఎవరం చేతిలోకి తీసుకోలేదు కాబట్టి, ప్రకటించిన వివరాలు చదివి, మన పెళ్లి మండపంలో దాన్ని ఊహించుకుని నాకు అనిపించింది రాస్తున్నాను.

ఫ్లాష్ సంగతి. ఆ చిన్న ఫ్లాష్‌తో పెళ్లికూతురి ముఖం మీద లైటు ఎవరూ కొట్టరు, మండపం మూలల్లో పెట్టిన ఫ్లాష్‌లను తీగ లేకుండా పేల్చడానికి వాడతాం. ఇప్పుడు ఆ పనికి విడిగా ట్రిగ్గర్ కొనాలి. మా వాళ్లలో చాలామంది దగ్గర ట్రిగ్గర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, కాబట్టి ఇది అంత బాధపడాల్సిన విషయం కాదు. గ్రిప్పు, అంటే నిలువుగా పట్టుకోవడానికి కెమెరా అడుగున తగిలించే, అదనపు బ్యాటరీ పట్టే పిడి, లేకపోవడం మాత్రం నిజంగా తప్పే. డీ750కి గ్రిప్ ఉండేది, దీనికి తగిలించడానికి అడుగున కాంటాక్టులే లేవు. రాత్రంతా నిలువు ఫొటోలు తీసేవాడి మణికట్టు ఎలా ఉంటుందో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు తెలియాలి. బ్యాటరీ కోసమైతే గ్రిప్ అక్కర్లేదు, వ్యూఫైండర్‌తో తీస్తే ఒక్క ఛార్జికి 2,260 ఫొటోలని చెబుతున్నారు.

అసలు విషయం లైవ్ వ్యూ, అంటే కంటితో వ్యూఫైండర్‌లో కాకుండా వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయడం, దాని గురించి మా వాళ్లెవరూ మాట్లాడటం లేదు!

జీలకర్ర బెల్లం సమయం గుర్తు తెచ్చుకోండి. ముహూర్తం రాత్రి రెండింటికో మూడింటికో, తెర అడ్డం, చుట్టూ మేనమామలు, పిన్నులు, పైగా సెల్‌ఫోన్లు, మనకు నిలబడటానికి చోటుండదు. చేతులు పైకెత్తి స్క్రీన్ కిందికి వంచి లైవ్ వ్యూలో కొట్టాలి. మామూలు పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో లైవ్ వ్యూ పెట్టగానే ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది, అది దొరికేలోపు చేతులు తలల మీంచి దిగిపోతాయి. పోయినేడాది ఒక పెళ్లిలో నాకు సరిగ్గా ఇదే జరిగింది, ఆ అమ్మాయి తల్లి ఆల్బమ్ చూస్తూ ఆ ఒక్క ఫొటో ఏదని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. డీ780లో సెన్సార్ మీదే 273 ఫేజ్ డిటెక్షన్ (అలా వెతుక్కోకుండా నేరుగా ఫోకస్ పట్టే) పాయింట్లున్నాయి, ముఖాన్నీ కంటినీ పట్టుకుంటుంది. నికాన్ వాళ్లదే మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా జడ్6లో ఉన్న సదుపాయమే డీఎస్‌ఎల్‌ఆర్‌లోకి వచ్చింది. పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అదే లైవ్ వ్యూలో చప్పుడు లేకుండా సెకనుకు 12 ఫొటోలు తీయొచ్చు. ఒడియా వాళ్ల పెళ్లిలో హాత గంఠి (వధూవరుల చేతులు కలిపి కట్టే తంతు) వేసేటప్పుడు ఆడవాళ్ల హుళహుళి (నోటితో చేసే మంగళధ్వని) ఆగాక పురోహితుడి మంత్రం ఒక్కటే వినపడుతుంది, అక్కడ షట్టర్ టకటకలు లేకపోవడం చాలా బాగుంటుంది. అయితే డెకరేషన్ ఎల్ఈడీల కింద సైలెంట్‌లో తీస్తే చారలు పడే ప్రమాదం ఉంది, ముందే రెండు ఫొటోలు తీసి చూసుకోవాలి.

నచ్చనిది ఇంకొకటి చెప్పాలి. వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు మళ్లీ డీ750లో ఉన్న ఆ 51, అన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. కంటితో చూసి తీసేటప్పుడు అంచుల్లో ఫోకస్ కావాలంటే పాత తిప్పలే.

"ఇంత ఖర్చు పెట్టేదేదో జడ్6 కొనొచ్చుగా" అని గుణుపురం తమ్ముడు అడిగాడు. ఒరే, అందులో ఒక్కటే కార్డు స్లాట్. అర్ధరాత్రి కార్డు పోతే జంటను మళ్లీ పీటల మీద కూర్చోబెడతామా? ఇందులో రెండు ఎస్‌డీ స్లాట్లు. పైగా నా 85 ఎంఎం డీ రకం పాత లెన్స్‌లో ఫోకస్ తిప్పే మోటారు లేదు. దాన్ని అడాప్టర్‌తో జడ్6కి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. డీ780 బాడీలో మోటారు ఉంది. షట్టర్ వేగం కూడా 1/8000 సెకను దాకా వెళ్తుంది, డీ750లో 1/4000 దగ్గర ఆగేది, మహేంద్రతనయ నది ఒడ్డున మిట్టమధ్యాహ్నం ప్రీవెడ్డింగ్ తీసేవాళ్లకు దాని విలువ తెలుసు. వీడియోకి ఫోర్‌కే కూడా ఉంది, అది మా వీడియో వాళ్లే చూసుకోవాలి.

అమెరికాలో ధర దాదాపు 2,300 డాలర్లు, అప్పట్లో డీ750 వచ్చిన ధరే. మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది, చిన్న ఊరి స్టూడియోకి ఇది తేలిక కాదు. మాఘమాసం ముహూర్తాలు ఉన్న బాడీలతోనే లాగిస్తాను. షాపుకి వచ్చాక ఆ 85 లెన్స్ పట్టుకెళ్లి, చేతులు పైకెత్తి స్క్రీన్ వంచి, అక్కడ తిరిగే జనం మీద ఫోకస్ ఎలా నిలుస్తుందో చూస్తాను. నిలిస్తే అక్కడే అడ్వాన్స్ కట్టేస్తా.