ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించాక ఏం చేయాలి: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, రీబూట్ చేసి రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) లాగిన్ అయితే మీకో మెయిల్ వచ్చి ఉంటుంది. పంపినాయన థియో డి రాడ్ట్, నెట్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు నుంచి బయటికొచ్చి 1995లో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన మనిషి. చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు. తెరిస్తే 'ఆఫ్టర్‌బూట్' మ్యాన్ పేజీ (సిస్టమ్‌తోపాటే వచ్చే సహాయ పేజీ) చూడమని ఉంటుంది. ఇన్‌స్టాల్ తర్వాత ఏమేం సరిచూసుకోవాలో వరసగా చెప్పే పేజీ అది. నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. ఇన్నేళ్లలో నేను దీన్ని వదలకపోవడానికి సగం కారణం ఈ మ్యాన్ పేజీలే.

నేను ముందు చేసేది సిస్‌ప్యాచ్ అనే ఆదేశం నడపడం. విడుదల తర్వాత వచ్చిన భద్రతా సవరణలన్నీ దిగుతాయి. ఆ తర్వాత ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్, అంటే ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ పరికరాలు నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) దించే ఆదేశం. వైఫైకి ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ దించడానికి నెట్ కావాలి. ఈ తిరకాసు ఎదురైతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, మామూలుగా యూఆర్‌ఎన్‌డిస్ పేరుతో నెట్‌వర్క్ కనిపిస్తుంది. మామూలు ఖాతా నుంచే రూట్ పనులు చేయించే సుడోకి బదులు ఇక్కడ డూయాజ్ ఉంటుంది. దాని నమూనా ఫైలు ఎట్సీలోని ఎగ్జాంపుల్స్ ఫోల్డర్‌లోనే ఉంది, కాపీ చేసుకుంటే పని అయిపోతుంది. ఫైర్‌వాల్ జోలికి వెళ్లక్కర్లేదు, పీఎఫ్ అనే సొంత ఫైర్‌వాల్ మొదటి నుంచే నడుస్తుంటుంది.

ఇక్కడిదాకా హాయి. డెస్క్‌టాప్‌గా వాడదామనుకున్నప్పుడే దీని అసలు స్వభావం బయటపడుతుంది. మొదటిసారి వీడియో కాల్ చేశారనుకోండి, మీ గొంతు అవతలివాళ్లకి వినపడదు. మైకు పాడయిందని టెన్షన్ పడక్కర్లేదు. ఆడియో రికార్డింగ్, వీడియో రికార్డింగ్ రెండూ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌లోనే ఆపేసి ఉంటాయి. సిస్‌కంట్రోల్ (sysctl) ఆదేశంతో కెర్న్ డాట్ ఆడియో డాట్ రికార్డ్ విలువ 1 చేయాలి, కెమెరాకీ అలాంటిదే ఇంకోటి. ఫైర్‌ఫాక్స్‌దీ ఇదే వరస. ఏదైనా ఫారానికి ఆధార్ కాపీ జతచేయబోతే హోమ్‌లోని మీ ఫోల్డర్లు దానికి కనపడవు, ఒక్క డౌన్‌లోడ్స్ తప్ప. ప్రోగ్రామ్‌కి ఏ ఫోల్డర్లు కనపడాలో తేల్చే అన్‌వీల్ అనే కట్టడి పనే ఇది. కొత్తవాళ్లకి చిరాకు పుట్టిస్తుంది. నాకైతే ఇప్పుడు ఈ కట్టడి లేని బ్రౌజర్ వాడాలంటేనే అదోలా ఉంటుంది. ఏదైనా ప్యాకేజీ (అదనంగా ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్) పెట్టాక పీకేజీ రీడ్‌మీస్ ఫోల్డర్‌లోకి తొంగిచూసే అలవాటు చేసుకోండి, ఇలాంటి సంగతులు చాలావరకు అక్కడే రాసి ఉంటాయి.

తెలుగుకి పెద్ద కష్టం లేదు. నోటో ఫాంట్ల ప్యాకేజీ ఎక్కించి, కీబోర్డు మార్చే సెట్ఎక్స్‌కేబీమ్యాప్‌ ఆదేశంలో 'ఇన్' లేఅవుట్‌కి 'టెల్' వేరియంట్ ఇస్తే ఫైర్‌ఫాక్స్‌లో శుభ్రంగా రాసుకోవచ్చు. ఆదేశాలు కొట్టే ఎక్స్‌టెర్మ్ విండోలో మాత్రం ఒత్తులు చెదిరిపోతాయి, అక్కడ ఆశ వదులుకోండి.

నచ్చనివి ఉన్నాయి. బ్లూటూత్ లేదు. 2014లోనే తీసేశారు, కాబట్టి వైర్లున్న ఇయర్‌ఫోన్లే గతి. ఫైల్ సిస్టమ్‌కి జర్నలింగ్ (మార్పుల్ని ముందే చిట్టాలో రాసిపెట్టుకోవడం) లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు పోయి వస్తే డిస్క్‌ని సరిచూసే ఎఫ్ఎస్‌సీకే అయ్యేదాకా తెర చూస్తూ కూర్చోవాల్సిందే. చిన్న డిస్క్‌లో ఇన్‌స్టాలర్ తనంతట తాను చేసే పార్టిషన్లను గుడ్డిగా ఒప్పుకోకండి. నాలుగు పెద్ద ప్యాకేజీలు పడగానే అవి చేరే యూజర్ లోకల్ పార్టిషన్ నిండిపోతుంది, తర్వాత పెంచడం తలనొప్పి.

ఆరు నెలలకోసారి కొత్త విడుదల వస్తుంది. సవరణలు చివరి రెండు విడుదలలకే ఇస్తారు కనుక ఏడాదికి మించి వాయిదా వేయడం కుదరదు. ఒకప్పుడు కొత్త విడుదలకి మారడం ఓ పూట పని. 2019లో 6.6 విడుదలతో సిస్‌అప్‌గ్రేడ్ ఆదేశం వచ్చాక, ఆ ఒక్క మాట కొట్టి టీ పెట్టుకోవడానికి వెళ్తున్నాను. తిరిగొచ్చి ప్యాకేజీలు ఎక్కించే పీకేజీ యాడ్ ఆదేశానికి మైనస్ యూ తగిలిస్తే ప్యాకేజీలూ కొత్తవైపోతాయి.

సర్వర్‌కైతే కళ్లు మూసుకుని పెట్టండి. లాప్‌టాప్‌కైతే ముందు మీ వైఫై చిప్ పేరు కనుక్కుని, దాని మ్యాన్ పేజీ ఉందో లేదో, అంటే దానికి డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి.