చంటిబిడ్డతో బాక్సింగ్ క్లాసు: విశాఖలో ఏడాది వాడాక

తల్లులు చంటిబిడ్డల్ని వెంట తెచ్చుకుని చేసే ఈ బాక్సింగ్ క్లాసు నిజంగా పనికొచ్చేది బిడ్డకు మూడో నెల వచ్చినప్పటి నుంచి పాకడం మొదలెట్టేదాకా. అంటే మొత్తం మీద ఐదారు నెలలు. అందుకని ఏడాది ప్యాకేజీకి ఎంత తగ్గింపు ఇస్తామన్నా డబ్బు కట్టకండి. పది క్లాసుల కార్డు ఉంటే అది తీసుకోండి, లేదంటే నెలనెలా కట్టండి. 10 వారాల టీకా, 14 వారాల టీకా వేయించిన రోజూ మర్నాడూ చాలామంది బిడ్డలకు ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆ క్లాసులు పోయినట్టే. ఆపైన జలుబులు, రాత్రి జాగారాలు. వారానికి మూడు చొప్పున నెలకు పన్నెండు క్లాసులుంటే ఎనిమిదింటికి వెళ్ళగలిగితే గొప్ప.

ఎప్పుడు మొదలెట్టాలన్నది కాన్పును బట్టి. మామూలు కాన్పయితే ఆరు వారాల చెకప్‌లో డాక్టరు సరేనన్నాకే గ్లవ్స్ ముట్టాలి. సిజేరియన్ అయితే మూడు నెలల లోపు నడుము మెలిపడే గుద్దుల జోలికి పోవద్దు. ‘పచ్చి బాలింత’ అని ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డుపడే మాటలో ఈ మేరకు న్యాయం ఉంది. కానీ వాళ్ళు కట్టిన నడికట్టుతోనే క్లాసుకు రావడం పొరపాటు. పొట్టను చుట్టూ బిగించేస్తే గుద్దినప్పుడు పుట్టే ఒత్తిడికి వేరే దారి లేక కిందికి, కటి కండరాల మీదికి దిగుతుంది. కాన్పులో సాగి నీరసించినవి అవే.

మొదటి రోజు కోచ్ గ్లవ్స్ కన్నా ముందు పొట్ట సంగతి, అంటే కడుపుతో ఉన్నప్పుడు నడిమధ్య కండరాలు విడిపోయాయేమో అడగాలి. అడగకపోతే ఇంట్లో మీరే చూసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తల కొంచెం ఎత్తి, బొడ్డుకు పైనా కిందా వేళ్ళు అడ్డంగా ఆనించండి. రెండు వేళ్ళకు మించి సందు దిగినా, నడిమధ్య గట్టులా ఉబికినా పొట్ట మీద భారం వేసే క్రంచ్‌లు, ప్లాంకులు మానేసి ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. గుద్దులు కూడా అప్పటిదాకా నెమ్మదిగానే.

క్లాసు 45 నిమిషాలు. అందులో గుద్దేది 12 నిమిషాలే: రెండేసి నిమిషాల రౌండ్లు ఆరు, మధ్యమధ్య నిమిషం విరామం. మిగతాదంతా ఒళ్ళు వేడెక్కించడం, రబ్బరు బ్యాండ్లు, ఊపిరి పని. కొత్తలో ఇది తక్కువనిపిస్తుంది. తొమ్మిది నెలలు మోసి, రాత్రికి నాలుగుసార్లు లేచే ఒంటికి ఇదే సరైన మోతాదు.

కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ కాలు ముందు, వెనక మడమ కాస్త లేచి, మోకాళ్ళు వదులుగా. మొదటి రెండు వారాలూ ముందున్న ఎడమచేత్తో సూటిగా కొట్టే జాబ్ ఒక్కటే. మూడో వారం వెనక చేత్తో సూటిగా కొట్టే క్రాస్ కలుపుతారు. క్రాస్‌లో వెనక పాదం బొటనవేలి మొదలు మీద తిరగాలి, దాని వెంటే తుంటి. పాదం నేలకు అతుక్కుపోయి నడుము ఒక్కటే తిరిగిందా, మర్నాడు వెన్ను దిగువన పట్టేస్తుంది, సిజేరియన్ కుట్టు దగ్గర లాగుతుంది. ఈ క్లాసులో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పక్క నుంచి కొట్టే హుక్, కింది నుంచి పైకి కొట్టే అప్పర్‌కట్ రెండో నెల దాకా ఆగొచ్చు, కొంపేమీ మునగదు.

ప్రతి గుద్దుకూ ‘స్స్’ అని ఊపిరి వదలాలి. బిగబట్టి కొడితే నడికట్టుతో వచ్చే ఇబ్బందే మళ్ళీ. నాలుగో రౌండులో అలసట కమ్మినప్పుడు అందరూ బిగబట్టేస్తారు, కోచ్ చెవి పెట్టి వినాల్సింది అప్పుడే. తాడాట, జంపింగ్ జాక్‌లు పెడితే ‘మేము నడుస్తాం’ అని మొహమాటం లేకుండా చెప్పండి. దూకినప్పుడు మూత్రం చుక్కలు పడటం, కింద ఏదో బరువుగా జారుతున్నట్టుండటం ‘బాలింతలకు మామూలే’ అని వదిలేసేవి కావు. అవి ఉంటే ఆ కసరత్తు ఆపాలి, డాక్టరుకు చెప్పాలి. తగ్గిపోయిన రక్తస్రావం క్లాసు తర్వాత మళ్ళీ కనిపించినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా ఆ రోజే చూపించుకోవాలి.

అందరూ పొట్ట గురించే భయపడతారు గానీ ముందు దెబ్బతినేది బొటనవేలు. రోజంతా బిడ్డ చంకల కింద చేతులు పెట్టి ఎత్తీ ఎత్తీ బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నరం పట్టేసినట్టుండే నొప్పి బాలింతల్లో చాలా మామూలు. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచి చూడండి. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆ వారం గుద్దే బ్యాగు వద్దు, గాల్లోనే గుద్దండి. బిడ్డను ఎత్తే తీరు మార్చండి: బొటనవేళ్ళు విడదీసి కాకుండా, అరచేతులు బిడ్డ కిందికి పోనిచ్చి మోచేతుల బలంతో.

చేతి పట్టీల్లో రెండు రకాలు. 180 అంగుళాల పొడవు పట్టీ మణికట్టుకు మూడు చుట్లు, పిడికిలి ఎముకల మీద మూడు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కోటి, బొటనవేలి చుట్టూ ఒకటి, మిగిలింది మళ్ళీ మణికట్టుకు. బొటనవేలికి ఆసరా కావాలంటే ఇదే. కానీ బిడ్డ గుక్కపట్టిందంటే ఇది విప్పడానికి పట్టే నిమిషం యుగంలా ఉంటుంది. తొడుగుల్లా వచ్చే జెల్ రకం క్షణంలో ఊడుతుంది, ఆసరా మాత్రం అంతంతే. వేలి నొప్పి లేనివాళ్ళకు తొడుగులు, ఉన్నవాళ్ళకు పొడవు పట్టీ. ఏదైనా సరే వాటితో బిడ్డను ఎత్తుకోవద్దు. వెల్క్రో గరుకు చంటిపిల్లల చర్మాన్ని గీరేస్తుంది. గ్లవ్స్ 12 ఔన్సులవి చాలు.

ఇక బిడ్డల ఏర్పాటు. ఈ క్లాసును మామూలు జిమ్ముల నుంచి వేరుచేసేది ఇదొక్కటే, సగానికి సగం చోట్ల తేలిపోయేదీ ఇదే. గొలుసుకు వేలాడే బ్యాగు గట్టి దెబ్బకు ఎటైనా ఊగుతుంది, కాబట్టి పిల్లల్ని పడుకోబెట్టే చాపకూ బ్యాగుకూ మధ్య పదడుగుల ఎడం తప్పనిసరి. నేల మీద రంగు టేపు వేసి గీత చూపించని చోట చేరకండి. ఎనిమిదిమంది తల్లులుంటే నలుగురు బ్యాగుల దగ్గర, నలుగురు చాప అంచున బ్యాండ్లతో, ఆ తర్వాత మార్పిడి. అలాగైతేనే ఎప్పుడూ నాలుగు జతల కళ్ళు పిల్లల మీద ఉంటాయి. అమ్మో అత్తయ్యో తోడొస్తే లోపల కూర్చోనిచ్చే చోటయితే ఇంకా మంచిది. బిడ్డను గుండెకు కట్టుకుని గుద్దించే వీడియోలు చూసి మోజుపడొద్దు, ఆ మెలికలకూ కుదుపులకూ చంటిపిల్లల మెడ తట్టుకోలేదు.

చప్పుడు సంగతి ముందుగా ఎవరికీ తట్టదు. బ్యాగు చప్పుడు మొద్దుగా ఉంటుంది, పిల్లలు దానికి నిద్రపోతారు కూడా. కోచ్ చేతులకు తొడుక్కుని పట్టే ప్యాడ్ల మీద పడే దెబ్బ మాత్రం చప్పట్లా చెళ్ళుమంటుంది. నాలుగైదు నెలల లోపు బిడ్డ ఆ శబ్దానికి ప్రతిసారీ చేతులు విదిల్చి ఉలిక్కిపడుతుంది. ప్యాడ్లను హాలు అవతలి మూలకు జరిపితే చాలావరకు తీరుతుంది. పాటల స్పీకరు చాప వైపు తిరిగి ఉందేమో చూడండి. ఏసీ గాలి నేరుగా చాప మీద పడుతోందేమో కూడా.

బొంత మీరే తెచ్చుకోండి. నాలుగు మడతలేసిన పాత నూలు చీరను మించింది లేదు. జిమ్ము వాళ్ళ ముక్కలుగా అతికే ఫోమ్ చాపల మీద సాయంత్రం బ్యాచీల చెమటంతా ఉంటుంది, పైగా పళ్ళొచ్చే పిల్లలు వాటి అంచులు కొరికి తుంచేస్తారు.

ఎనిమిదో నెల ప్రాంతంలో బిడ్డ పాకడం మొదలుపెట్టగానే ఇదంతా తలకిందులు. కళ్ళు చాప మీద, చేతులు బ్యాగు మీద పెట్టి కొట్టే గుద్దు మణికట్టును మడతేస్తుంది. చుట్టూ ఎత్తయిన కంచె కట్టే చోటయితే ఇంకో రెండు నెలలు లాగొచ్చు. లేకపోతే అక్కడితో ఆపేయడమే మేలు. ఏడాదిలో డబ్బుకు తగ్గ ఫలితం దక్కనిది ఈ చివరి నెలల్లోనే.

క్లాసుకు పావుగంట ముందు బిడ్డకు పాలివ్వండి. నిండిన రొమ్ములతో చేతులు ఆడించడం నరకం. బ్రా ఆనికగా ఉండాలి గానీ అదిమేయకూడదు, ఒకేచోట నొక్కుకుపోతే పాలు గడ్డకట్టి జ్వరం దాకా పోతుంది. కసరత్తుతో పాలు చెడిపోతాయన్న మాట నమ్మక్కర్లేదు. తర్వాత బిడ్డ రొమ్ము పట్టకపోతే చాలాసార్లు కారణం చెమట ఉప్పదనమే, తడిగుడ్డతో తుడుచుకుంటే సరి. మన సముద్రపు ఉక్కలో ఏప్రిల్, మే నెలల్లో లీటరు నీళ్ళు చాలవు. ఉప్పేసిన మజ్జిగ సీసా సంచిలో ఉండాల్సిందే.

ఆ ఉక్కకే గ్లవ్స్ కూడా పోతాయి. విశాఖలో వానాకాలం గ్లవ్స్ వాటంతటవి ఆరవు. సంచిలో వదిలేస్తే రెండు రోజుల్లో కంపు, వారంలో బూజు. ఇంటికి రాగానే లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, గంటాగి తీసేసి ఫ్యాను కింద నోరు తెరిచి పెట్టాలి. మండుటెండలో పెడితే పైపొర పగులుతుంది. పట్టీలు ఏ రోజువి ఆ రోజే ఉతకాలి, పిల్ల బట్టలతో కలపకుండా.

వేళ పదిన్నర అయితే బాగు. ఇంటిపని, పురిటి బిడ్డ స్నానం, సాంబ్రాణి అన్నీ అయ్యేసరికి అంతే అవుతుంది. తెల్లవారి ఆరున్నర బ్యాచీ కాగితం మీదే బాగుంటుంది. చోటు ఇంటి దగ్గర్లో చూసుకోండి. గాజువాక నుంచి సిరిపురం దాకా చంటిబిడ్డతో ఆటోలో వచ్చి పోతే క్లాసు కన్నా ప్రయాణమే అలుపు. ద్వారకానగర్ లాంటి చోట్ల దుకాణాల పైన రెండో అంతస్తులో ఉండే హాళ్ళకు లిఫ్టు ఉందో లేదో ఫోన్లోనే అడగండి. ఉద్యోగం ఉన్నవాళ్ళు 26 వారాల ప్రసూతి సెలవులోనే ఇది ముగించుకునేలా లెక్కేసుకోవాలి, ఆ తర్వాత పదిన్నర దొరకదు.

కోచ్‌ల విషయంలో ఊరు అదృష్టవంతురాలు. ప్రపంచ విజేతగా నిలిచిన బాక్సర్ నిఖత్ జరీన్ ఇక్కడి సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలోనే సాధన చేసింది, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న ఎన్. ఉష ఈ ఊరి బాక్సరే. బాక్సింగ్ తెలిసినవాళ్ళకు లోటు లేదు, బాలింత ఒళ్ళు తెలిసినవాళ్ళకే కొరత. జిమ్ము గోడ మీద మేరీ కోమ్ పోస్టరు ఉంటుంది. 2007లో కవలల్ని కని 2008లో ప్రపంచ విజేత అయిందని చూపిస్తారు. ఆమె అప్పటికే ఏళ్ళ తరబడి బరిలో ఉన్న మనిషి. ఆ తేదీలు చూపించి మిమ్మల్ని తొందరపెట్టే కోచ్ దగ్గర ఉండొద్దు.

ఇంకో లోపం దాదాపు అన్ని చోట్లా ఉంది. పాలిస్తూ పాలిస్తూ భుజాలు ముందుకు ఒంగిపోయి ఉంటాయి, దెబ్బలు కాచుకోవడానికి నిలబడే బాక్సింగ్ గార్డు కూడా గడ్డం దించి భుజాలు ముడిచేదే. విరుగుడుగా బ్యాండును కిటికీ చువ్వకు కట్టి వెనక్కి లాగే కసరత్తు ప్రతి క్లాసు చివరా పదిహేనేసి మూడుసార్లు చేయించాలి. తొందరలో ముందు ఎగరగొట్టేది దాన్నే. క్లాసులో చేయించకపోతే బ్యాండు ఇంటికి కొని తెచ్చుకోండి. బిడ్డ పాకడం మొదలెట్టి క్లాసు మానేశాక కూడా ఆ బ్యాండూ, బిడ్డ పడుకున్నప్పుడు అద్దం ముందు గాల్లో కొట్టే నాలుగు రౌండ్లూ సాగుతాయి. బ్యాగు మాత్రం అపార్టుమెంటు శ్లాబుకు వేలాడదీయకండి, ప్రతి గుద్దూ కింది వాటా వాళ్ళ నెత్తిన పడినట్టే వినిపిస్తుంది.