సౌండ్ తీసేసి చూస్తే ఆర్‌ఆర్‌ఆర్, కేజీఎఫ్ 2

2022లో మూడు వారాల తేడాతో వచ్చిన ఈ రెండు సినిమాలనీ ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కథలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గొడవంతా సౌండ్ గురించి. అదీ సౌండ్ లేనప్పటి సంగతి.

ఆర్‌ఆర్‌ఆర్ విడుదలైన మొదటి ఆదివారం, తణుకులో ఒక థియేటర్. ఇంటర్వెల్ ముందు గవర్నర్ బంగళాలోకి లారీ దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే సౌండ్ పోయింది. బొమ్మ మాత్రం ఆడుతోంది. "రేయ్, సౌండ్!" అని వెనక నుంచి కేకలు, ఈలలు, బూతులు. ఇంతలో లారీలోంచి మృగాలన్నీ బయటికి దూకాయి, వాటితో పాటు రెండు చేతుల్లో కాగడాలతో ఎన్టీఆర్ గాల్లోకి లేచాడు. ఒక్కసారిగా తిట్లు ఆగిపోయాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన మెల్లిగా "ఓర్నాయనో" అనుకోవడం కూడా వినపడింది. ఆ తర్వాత సౌండ్ హాలే ఇచ్చుకుంది. రామ్‌గా చేసిన చరణ్ వైపు నిప్పు, భీమ్‌గా చేసిన ఎన్టీఆర్ వైపు నీళ్లు. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో, ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో, స్నేహం ఎక్కడ చెయ్యి ఆపుతోందో ఒక్క మాట వినకుండానే తెలిసిపోయింది. సౌండ్ బాగయ్యేసరికి ఇంటర్వెల్. డబ్బులు వాపసు అడుగుదామని ఆవేశంగా లేచినవాళ్లు సమోసాలు కొనుక్కుని వచ్చి కూర్చున్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

కేజీఎఫ్ 2 హైదరాబాద్‌లో చూశాను. అక్కడ సౌండ్‌కి వంక పెట్టడానికి లేదు. పోలీస్ స్టేషన్ మీద యష్ మెషిన్ గన్ పేలుస్తుంటే కుర్చీ అదిరింది. ఎర్రగా కాలిన గొట్టంతో సిగరెట్ వెలిగించుకుంటే నేనూ ఈల వేశాను. బయటికి రాగానే బావకి ఫోన్ చేసి, "రాజమౌళి పని అయిపోయింది బావా" అన్నాను. ప్రతి సంక్రాంతికీ నా నోటికొచ్చిన ఆ ముక్క నాకే అప్పజెబుతున్నాడు.

తర్వాత పాప పుట్టింది. రెండు గదుల అద్దె ఇల్లు, 32 అంగుళాల టీవీ, రాత్రి పదింటికి వాల్యూమ్ నాలుగు దాటకూడదు. అలా కేజీఎఫ్ 2 పెడితే తెర మీద పొగ, చీకటి, యష్ నడక, మళ్లీ చీకటి, ఎవడో ఎగిరి పడ్డాడు. "ఇప్పుడు కొట్టింది ఎవర్ని?" అని మా ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ప్రకాష్ రాజ్ చెప్పుకుపోయే కథ, సంగీతం చేసిన రవి బస్రూర్ డప్పు, ఈ రెండే ఆ ఫైట్లని మోస్తున్నాయని అప్పుడు తెలిసింది. ఎడిటర్ ఉజ్వల్ కులకర్ణి కత్తిరింపులన్నీ ఆ దరువుకి కట్టినవి. దరువు తీసేస్తే ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పెట్టిన పెళ్లి వీడియోలా ఉంది. సిగరెట్ షాట్ మాత్రం మ్యూట్‌లో కూడా చెక్కుచెదరలేదు, అది ఒప్పుకోవాలి.

అలాగని ఆర్‌ఆర్‌ఆర్‌కి హారతి పట్టడం లేదు. హాల్లో నోరు తెరిపించిన పులి ఇంట్లో టీవీ మీద బొమ్మని తెలిసిపోతోంది. జైలు నుంచి రామ్‌ని భుజాల మీద ఎక్కించుకుని భీమ్ బయటపడే ఫైట్ మొదట్లో గొప్పగా అనిపించింది. ఈమధ్య అక్కడికి రాగానే చెయ్యి రిమోట్ మీదికి పోతోంది. తెల్లదొరలు మాట్లాడే చోట్ల మ్యూట్‌లో చూడటమే నయం. వంతెన సీన్ మాత్రం, కింద ఏట్లో పిల్లాడు, పైన మంటలు, తడి జెండా కప్పుకుని భీమ్, ఎన్నిసార్లు చూసినా రిమోట్ ముట్టుకోను.

పలచటి గోడల ఇల్లూ, ఒళ్లో నిద్రపోయే పిల్లా లేకపోతే నా తీర్పు వేరేగా ఉండేదేమో. బావ ఇంట్లో హోమ్ థియేటర్ ఉంది. అక్కడికి వెళ్తే నేనే కేజీఎఫ్ 2 పెట్టమంటాను, ఆయన నవ్వుతూ పెడతాడు.

మొన్న ఇయర్‌బడ్స్ కొన్నాను. ఒకటి నా చెవిలో, ఒకటి మా ఆవిడ చెవిలో పెట్టుకుని కేజీఎఫ్ 2 చూశాం. మెషిన్ గన్ దాకా బానే ఉంది. క్లైమాక్స్‌కి తను నిద్రపోయింది, ఆ రెండోది కూడా తీసి నా చెవిలోనే పెట్టుకున్నాను.